కమాండ్ చేతికొచ్చాకే కదలాలి

విమానం ఎక్కేవారి లెక్కలో ఉత్తరాంధ్రది చిన్న వాటాయే. విమానయానాన్ని శాసించే నిర్ణయాల్లో మాత్రం ఇక్కడి పేర్లు పదేపదే వినిపిస్తాయి. విజయనగరం ఎంపీగా ఉన్న అశోక్ గజపతిరాజు 2014 నుంచి 2018 దాకా పౌర విమానయాన మంత్రిగా పనిచేశారు. చిన్న పట్టణాలకు విమానం తెచ్చిన ఉడాన్ పథకం ఆయన హయాంలోనే పుట్టింది. 2024 జూన్‌లో అదే శాఖ శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడి చేతికి వచ్చింది. ఢిల్లీ, హైదరాబాద్ విమానాశ్రయాలు నడుపుతున్న జీఎంఆర్ అధినేత గ్రంధి మల్లికార్జునరావు సొంతూరు రాజాం. ఆ సంస్థే చేపట్టిన భోగాపురం విమానాశ్రయంలో 2026 జనవరి 4న పరీక్షార్థం తొలి విమానం దిగింది. చేపల వేటకు గుజరాత్ రేవులకు, కూలి పనులకు గల్ఫ్‌కు వలసపోయిన జిల్లాల పిల్లలు ఇవాళ పైలట్ లైసెన్సు గురించి ఆరా తీస్తున్నారు.

వారిలో కొందరికి మొదటి ఉద్యోగం దొరికేది ప్రాంతీయ విమానసంస్థల్లోనే. అలయన్స్ ఎయిర్, స్టార్ ఎయిర్, ఫ్లై91 వంటి చోట్ల డెబ్బై ఎనభై సీట్ల విమానం నడుపుతున్న పైలట్‌కు ఇండిగో నుంచో ఎయిరిండియా నుంచో పిలుపు వస్తే ఏం చేయాలి? వెళ్లాలన్నదే నా సమాధానం. అయితే కెప్టెన్ హోదా, అంటే కమాండ్, చేతికొచ్చాక వెళ్లాలి. అతను వెళ్లిపోతే చిన్న ఊరి సర్వీసు దెబ్బతింటుందన్న బాధలో నిజముంది. ఆ బాధ్యతను మోయాల్సింది మాత్రం ఉడాన్ పథకాన్ని రాసినవారు, నడుపుతున్నవారు.

అప్పు, గంటలు, సీటు

ముందు ఇంటి లెక్క చూద్దాం. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి. ఆ శిక్షణ ఖర్చు అరకోటి దాటింది. ఆపైన ఫలానా రకం విమానం నడపడానికి టైప్ రేటింగ్ అనే మరో శిక్షణ, దానికి మళ్లీ లక్షలు. నరసన్నపేటలోనో చీపురుపల్లిలోనో మధ్యతరగతి కుటుంబం ఇంత సొమ్ము తేవాలంటే పొలం అమ్మాలి, లేదా ఇల్లు తాకట్టు పెట్టాలి. లైసెన్సు వచ్చిన మర్నాడే ఉద్యోగం రాదు. ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నవారున్నారు. ఈలోగా వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. అలాంటివాడు పెద్ద జీతం పిలవగానే లేచి వెళ్లాలనుకుంటే అందులో దురాశ ఏమీ లేదు.

అయినా తొందరపడొద్దని ఎందుకంటున్నానంటే, పైలట్‌కు అసలైన ఆస్తి లాగ్‌బుక్. 1,500 గంటలు నిండితే ఏటీపీఎల్ లైసెన్సుకు అర్హత వస్తుంది. పెద్ద విమానానికి కెప్టెన్ కావాలంటే అది ఉండి తీరాలి. కో-పైలట్‌గా కుడి సీట్లో గడిపిన గంటలు, కెప్టెన్‌గా ఎడమ సీట్లో గడిపిన గంటలు లాగ్‌బుక్‌లో వేర్వేరు గడుల్లో పడతాయి. అనుభవం ఉన్న పైలట్‌ను తీసుకునే సంస్థ ఆ రెండో గడిని శ్రద్ధగా చూస్తుంది.

చిన్న విమానంలో ఆ గడి త్వరగా నిండే అవకాశం ఎక్కువ. ఆ గంటల విలువేమిటో ఒక పూట పని చూస్తే తెలుస్తుంది. ప్రాంతీయ సంస్థలు నడిపే ఏటీఆర్ 72 విమానం గంటకు సుమారు 500 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఒక్కో ప్రయాణం గంట, గంటంపావు. దిగిన అరగంటలో మళ్లీ లేవాలి. ఆ కాస్త సమయంలోనే లోడ్ షీట్ సరిచూడాలి, ఇంధనం ఎంత కావాలో తేల్చాలి, వెళ్లే ఊళ్లో మబ్బు ఎంత ఎత్తున ఉందో, గాలి రన్‌వేకు అడ్డంగా ఎంత వీస్తోందో కనుక్కోవాలి. అక్కడ దిగడం కుదరకపోతే ఏ ఊరికి మళ్లాలో ముందే నిర్ణయించుకోవాలి. రోజుకు నాలుగైదు సార్లు ఇదే తంతు. చాలా చోట్ల రన్‌వే పొట్టిది, దారి చూపే పరికరాలు తక్కువ. పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పోయే జెట్ చాలామటుకు వాతావరణాన్ని పైనుంచి దాటేస్తుంది. ఏటీఆర్ ఏడున్నర కిలోమీటర్లు మించి ఎక్కలేదు కాబట్టి మబ్బుల మధ్యే దారి వెతుక్కుంటుంది.

విశాఖ నుంచి ఒడిశాలోని జయపురానికి ఇండియావన్ ఎయిర్ 2022లో తొమ్మిది సీట్ల సెస్నా కారవాన్‌తో సర్వీసు మొదలుపెట్టింది. విజయనగరం, సాలూరు మీదుగా ఘాట్ రోడ్డున ఐదారు గంటలు పట్టే ప్రయాణాన్ని ఆ ఒంటి ఇంజిన్ విమానం తూర్పు కనుమల మీదుగా ముగించాలి. వానాకాలంలో అలాంటి దారిన వెళ్తూ, వెనకాల ప్రయాణికులు విసుక్కుంటారని తెలిసీ ‘తిరిగి వెళ్లిపోదాం’ అని చెప్పగలగడమే కమాండ్. ఆ మాట చెప్పడం ఎడమ సీట్లో కూర్చున్నవాడికే అలవడుతుంది.

సీనియారిటీ మాటేమిటి?

దీనికి గట్టి ఎదురువాదన ఉంది. పెద్ద సంస్థల్లో కమాండ్, బేస్ (డ్యూటీ మొదలయ్యే ఊరు), సెలవులు చాలావరకు చేరిన తేదీని బట్టి నడుస్తాయి. ఏటీఆర్ కెప్టెన్ అయినా ఎయిర్‌బస్‌కు మారితే మామూలుగా కుడి సీటు నుంచే మొదలుపెట్టాలి. ఇక్కడ కమాండ్ కోసం రెండేళ్లు ఆగితే అక్కడ తనకన్నా జూనియర్లు వరుసలో ముందుంటారు. 2023 ఫిబ్రవరిలో ఎయిరిండియా 470, జూన్‌లో ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు ప్రకటించాయి. వరుస వేగంగా కదిలే కాలమిది, ఇప్పుడు చేరకపోతే ఇంకెప్పుడు అని అడిగేవారి మాటను కొట్టిపారేయలేం. ఇరవై మూడేళ్లకు కాక్‌పిట్ ఎక్కి అరవై ఐదేళ్లకు దిగే ఉద్యోగంలో రెండేళ్ల సీనియారిటీకి విలువ ఉంది.

అయితే ఆ సీనియారిటీ ఆ ఒక్క సంస్థలోనే చెల్లుతుంది. సంస్థ మూతపడిన రోజు దాని విలువ సున్నా. కింగ్‌ఫిషర్ 2012లో ఆగింది. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో, గో ఫస్ట్ 2023 మేలో ఆగాయి. మూడూ ఒకప్పుడు పిల్లలు కలలుగన్న పెద్ద సంస్థలే. వాటిలో ఏళ్లు పోసి సంపాదించుకున్న వరుస ఒక్క రాత్రిలో పోయింది. కెప్టెన్‌గా ఎగిరిన గంటలను మాత్రం ఏ దివాలా కోర్టూ తుడిచేయలేదు.

మన తెలుగు నేల మీద పుట్టిన రెండు సంస్థల కథ మరో పాఠం చెబుతుంది. విజయవాడ కేంద్రంగా 2013లో మొదలైన ఎయిర్ కోస్తా ఎంబ్రాయర్ జెట్లు నడిపి 2017 ఫిబ్రవరి చివర ఆగిపోయింది. హైదరాబాద్ కేంద్రంగా 2015లో మొదలైన ట్రూజెట్ ఏటీఆర్‌లు నడిపింది. ఉడాన్ తొలి రోజున, 2017 ఏప్రిల్ 27న, కడప–హైదరాబాద్ విమానం దానిదే. 2022 ఫిబ్రవరిలో అదీ ఆగింది. రెండూ మూతపడినవే అయినా పైలట్ల గతి ఒకటి కాలేదు. కోస్తా ఆగేనాటికి ఆ రకం ఎంబ్రాయర్‌ను షెడ్యూల్డ్ సర్వీసుల్లో నడిపే మరో సంస్థ దేశంలో లేదు. లక్షలు పోసి సంపాదించిన టైప్ రేటింగ్‌కు ఇక్కడ గిరాకీ పోయింది. ట్రూజెట్ ఆగేనాటికి ఇండిగోలోనూ అలయన్స్ ఎయిర్‌లోనూ ఏటీఆర్‌లు తిరుగుతున్నాయి. అందుకే చిన్న సంస్థలో చేరే రోజే ఒక ప్రశ్న వేసుకోవాలి: రేపు ఈ సంస్థ లేకపోయినా ఈ విమానం నడపగలిగినవాడు ఇంకెవరికైనా కావాలా?

రెండే తలుపులు

పెద్ద సంస్థ అంటే ఈ దేశంలో ఇప్పుడు రెండే తలుపులు. దేశీయ ప్రయాణికుల్లో ఇండిగో వాటా అరవై శాతం పైన, ఎయిరిండియా గ్రూపుది పాతిక శాతం పైన. ఇంత పెద్ద దేశంలో పైలట్‌ను తీసుకునే పెద్ద యజమానులు ఇద్దరే అయినప్పుడు, చిన్న సంస్థలు బతికి ఉండటం పైలట్ల బేరానికి కూడా బలమే.

2025 డిసెంబర్‌లో జరిగింది మరచిపోకూడదు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2024లో ప్రకటించిన కొత్త నియమాలు పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48కి పెంచాయి, రాత్రివేళ ల్యాండింగ్‌లను ఆరు నుంచి రెండుకు తగ్గించాయి. రెండో విడత 2025 నవంబర్ 1న అమల్లోకి వచ్చింది. నెల తిరిగేసరికి ఇండిగో షెడ్యూలు కుప్పకూలింది. డిసెంబర్ 5 ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. ప్రభుత్వం ఆ సంస్థకు తాత్కాలిక సడలింపు ఇచ్చింది. పైలట్ నిద్ర కోసం తెచ్చిన నియమం కొన్నాళ్లయినా వెనక్కి తగ్గింది. పెద్ద సంస్థకు వెళ్లేవారు జీతంతోపాటు ఆ రాత్రులనూ లెక్కలో వేసుకోవాలి. చాలా ఉడాన్ విమానాశ్రయాల్లో రాత్రి దిగే ఏర్పాటు లేదు కాబట్టి ప్రాంతీయ పైలట్‌కు పగటి పనే ఎక్కువ.

ఇన్నీ కలిపి చూస్తే నిర్ణయం కష్టమేమీ కాదు. జీతాలు ఆలస్యమవుతున్నాయా, లీజుకిచ్చినవారు విమానాలు వెనక్కి తీసుకుంటున్నారా? అయితే ఆగకూడదు, దొరికిన చోటికి వెళ్లాలి. సంస్థ నిలకడగా ఉండి కమాండ్ ఏడాది రెండేళ్ల దూరంలో ఉంటే ఆగాలి. కమాండ్ ఎప్పుడో చెప్పే నాథుడు లేకుండా కో-పైలట్‌గానే ఏళ్లు గడుస్తుంటే వెళ్లాలి. కమాండ్ చేతిలో ఉండి వయసు నలభై లోపైతే తప్పక వెళ్లాలి. నలభై ఐదు దాటి, పిల్లల చదువు ఒకచోట కుదిరి, కెప్టెన్‌గా గౌరవంగా పనిచేసుకుంటున్నవారు ఉండిపోతే వారిని ఎవరూ తక్కువ చేయనక్కర్లేదు. ఎక్కడ చేరినా ఒక జాగ్రత్త తప్పనిసరి. వైద్య పరీక్ష నెగ్గినన్నాళ్లే ఈ ఉద్యోగం. అనారోగ్యంతో లైసెన్సు పోతే బీమా ఎంత వస్తుందో కాగితం మీద చూశాకే సంతకం పెట్టాలి.

ఊరి నష్టం ఎవరి లెక్కలో?

ఇక ఊరి సంగతి. ఉడాన్ తొలి మూడు విడతల్లో కేటాయించిన 774 రూట్లలో 371 మాత్రమే మొదలయ్యాయని, వాటిలో 112 మాత్రమే మూడేళ్ల గడువు పూర్తి చేశాయని, ఆ తర్వాత 2023 మార్చి దాకా నిలిచినవి 54 మాత్రమేనని కాగ్ తేల్చింది. విమానాశ్రయాలు సిద్ధం కాకపోవడం, విమానాలు చాలకపోవడం, గిట్టుబాటు లేకపోవడం అందుకు కారణాలు. వీటికి తోడు పథకం రూపంలోనే ఒక లోపముంది. ప్రభుత్వం మూడేళ్లపాటు సీట్ల లెక్కన సాయం చేస్తుంది. ఆ సీట్లను గమ్యం చేర్చే ఇద్దరు పైలట్లను తయారుచేసుకోవడానికి, నిలుపుకోవడానికి అలాంటి సాయమేదీ లేదు.

దానికి బదులు ఉన్నది నోటీసు నియమం. కెప్టెన్ మానేయాలంటే ఏడాది, కో-పైలట్ అయితే ఆరు నెలలు ముందే చెప్పాలని 2017లో డీజీసీఏ నిర్దేశించింది. 2023లో ఆకాశ ఎయిర్ నుంచి 43 మంది పైలట్లు ఆ గడువు పూర్తి చేయకుండానే వెళ్లిపోయారు, విమానాలు రద్దయ్యాయి, వివాదం కోర్టుకెక్కింది. అలా వెళ్లడం ప్రయాణికులకు అన్యాయమే. కానీ కాళ్లకు బంధం వేసి పైలట్లను నిలుపుకోలేమని కూడా ఆ ఉదంతమే చెప్పింది. జీతం ఆపిన సంస్థ నోటీసు గడువు చూపించి పైలట్‌ను పట్టి ఉంచే వీలు మాత్రం ఏ రూపంలోనూ ఉండకూడదు.

అమెరికా అనుభవం మన కళ్ల ముందుంది. 2022 మార్చిలో స్కైవెస్ట్ అనే ప్రాంతీయ సంస్థ పైలట్ల కొరత వల్ల 29 చిన్న పట్టణాలకు సర్వీసు మానుకుంటామని ప్రకటించింది. ఆ దేశంలోనే అమెరికన్ ఎయిర్‌లైన్స్ తన ప్రాంతీయ సంస్థలైన ఎన్వాయ్, పీడ్‌మాంట్, పీఎస్ఏల పైలట్లు వరుస ప్రకారం మాతృసంస్థకు మారే ఒప్పందం పెట్టుకుంది. ఎప్పుడు మారతానో తెలిసిన పైలట్ అప్పటిదాకా నిశ్చింతగా పనిచేస్తాడు. ఎవరు ఎప్పుడు వెళ్తారో తెలిసిన సంస్థ వారి స్థానంలో మరొకరిని తయారుచేసుకుంటుంది.

మన దగ్గర దీన్ని ఒక అడుగు ముందుకు తీసుకెళ్లాలి. ప్రాంతీయ సంస్థలో కెప్టెన్‌గా రెండేళ్లు పూర్తిచేసినవారికి పెద్ద సంస్థల్లో చోటు ఖాయం చేయాలి, అక్కడి సీనియారిటీని ప్రాంతీయ సంస్థలో చేరిన తేదీ నుంచే లెక్కించాలి. అప్పుడు కమాండ్ కావాలా సీనియారిటీ కావాలా అన్న ఇరకాటం పైలట్‌కు తప్పుతుంది, చిన్న ఊరికి అనుభవమున్న కెప్టెన్ దొరుకుతాడు. ఉడాన్ సాయంలో కొంత భాగం కో-పైలట్లను కెప్టెన్లుగా తీర్చిదిద్దే శిక్షణకు కేటాయించాలి. విజయనగరం రాజకుటుంబానికి చెందిన మాన్సాస్ ట్రస్టు భూముల్లో జీఎంఆర్ తలపెట్టిన విమానయాన విద్యానగరంలో ఉత్తరాంధ్ర పేద పిల్లలకు పైలట్ శిక్షణ స్కాలర్‌షిప్పులుండాలి. భోగాపురం నుంచి చిన్న విమానాలు నడిపే సంస్థకు బేస్ రాయితీలివ్వాలి.

2025 డిసెంబర్‌లో అల్‌హింద్ ఎయిర్, ఫ్లైఎక్స్‌ప్రెస్ అనే కొత్త సంస్థలకు కేంద్ర విమానయాన శాఖ నిరభ్యంతర పత్రాలిచ్చింది. ఇలాంటి అనుమతులిచ్చే వేళే ‘మీ పైలట్లు రేపు ఎక్కడికి వెళ్తారు, వారి వెనక ఎవరు వస్తారు?’ అని అడిగి, జవాబును ఒప్పందంగా రాయించుకోవాలి. రామ్మోహన్ నాయుడు ఆ పని చేస్తే దేశంలోని ప్రతి చిన్న విమానాశ్రయానికీ మేలు. చేయకపోతే మన పిల్లలు వెళ్లక మానరు, వెళ్లినందుకు వారిని తప్పుపట్టే హక్కు ఎవరికీ ఉండదు.