కార్శి తోటపై సవతి ప్రేమ ఎందుకు?

చెరకు మొక్క తోట వేసేటప్పుడు మీరు పడే శ్రమ చూస్తే ముచ్చటేస్తుంది. దుక్కి, విత్తనం, ఎరువు, దేనికీ లోటు చెయ్యరు. అదే తోట నరికి కార్శికి వదిలితే మాత్రం "దుబ్బులున్నాయిగా, అవే మొలుస్తాయిలే" అని చేను వంక చూడరు. తీరా దిగుబడి పడిపోతే తప్పు కార్శిదంటారు. నేనొప్పుకోను.

కార్శికి దుక్కి ఖర్చు లేదు, ఎకరాకు మూడు నాలుగు టన్నుల విత్తనం కొనే పని లేదు. ఎకరం, అరెకరం ఉన్నవాడికి చెరకులో నాలుగు డబ్బులు మిగిలేది ఇక్కడే.

నష్టం నరికే రోజే మొదలవుతుంది. కూలీకి టన్ను లెక్కన ఇస్తాం. నడుం వంచి నేలమట్టానికి కొడితే అతనికి పని సాగదు. మూడంగుళాలు పైకి కొట్టేస్తాడు. అతణ్ణి అనీ లాభం లేదు. మీరే లెక్క కట్టండి. గడ ఎనిమిదడుగులైతే మూడంగుళాలంటే ముప్పైరెండో వంతు. ముప్పై టన్నుల తోటలో ఇంచుమించు టన్ను మోళ్ళలోనే ఉండిపోయిందన్నమాట! 2025-26 సీజనుకు కేంద్రం ప్రకటించిన ధర, 10.25 శాతం రికవరీకి, టన్ను 3,550 రూపాయలు. పైగా పంచదార ఎక్కువుండేది మొదట్లోనే. పై కళ్ళ నుంచి లేచిన పిలకలకు వేళ్ళు లోతుకు దిగవు, గాలివానకు తోట పడిపోతుంది. కూలి కొంచెం ఎక్కువిచ్చయినా నేలకు ఆనించి కొట్టించండి. ఇంకా మోళ్ళు మిగిలితే వారం లోపల, నేలలో పదునుండగానే, పదునైన పారతో చెక్కించండి.

ఇక చెత్త. అగ్గిపుల్ల గీసి పారేస్తున్నాం. ఆ సెగకు కళ్ళు మాడతాయి, ఎరువవ్వాల్సిన ఆకు బూడిదవుతుంది. దాన్నే చాళ్ళలో పరిస్తే ఎండల్లో తేమ నిలుస్తుంది, కలుపు, పీక పురుగు తగ్గుతాయి. చెత్తుంటే అంతరకృషికి అడ్డమంటారు, నిజమే. చాలు విడిచి చాలు పరవండి.

కార్శికి నత్రజని మొక్క తోటకన్నా ఎక్కువ కావాలి, ముందుగానూ కావాలి. బోదెల పక్కలు నాగలితో చీల్చి సగం వెంటనే వెయ్యండి, మిగతాది నెలన్నరకు. రెండడుగులు మించిన ఖాళీల్లో అదే రకం మొక్కలు నాటాలి. తోట ఎదిగాక నాటితే నీడకు చస్తాయి, అందుకే సంచుల్లో ముందే పెంచుకోండి.

ఆకులు పాలిపోతే యూరియా కొట్టుకు పరుగెత్తకండి. కార్శిలో తరచూ వచ్చేది ఇనుము లోపం. లీటరు నీటికి 20 గ్రాముల అన్నభేది, 2 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి వారం తేడాలో రెండు మూడుసార్లు పిచికారీ చెయ్యండి.

ఫ్యాక్టరీలకూ ఒక మాట. చిన్న రైతుకు కటింగ్ పర్మిట్ ఆఖర్న ఇస్తే అతని కార్శి నడి ఎండల్లో మొలవాలి. కార్శికి వదిలే చిన్న తోటలకు ముందు ఇవ్వండి, మరుసటేడు చెరకు మీకే వస్తుంది.

ఎర్రకుళ్ళు కనబడ్డ తోటను మాత్రం ఎంత ఆశ ఉన్నా కార్శికి వదలకండి. దుబ్బులు పీకి తగలబెట్టి, ఆ చేలో వేరే పంట వేసుకోండి.