బుల్లెట్‌కి రేసు క్యామ్‌లు ఎందుకండీ?

నాన్న 1984 బుల్లెట్ 350 ని మొన్న సంక్రాంతికి చిత్తూరులో విప్పించా. ఉన్న రెండు క్యామ్‌లూ (పెట్రోలు గాలి వచ్చే వాల్వుకొకటి, పొగ పోయేదానికొకటి) అరిగిపోయాయి. బెంగళూరులో మా ఆఫీసు బైకు గ్యాంగుదంతా ఒకటే పోరు: "ఎలాగూ విప్పావుగా, రేసు క్యామ్‌లు వేయించెయ్".

నేను వద్దంటాను. అవి వాల్వుల్ని ఇంకా ఎత్తుకి లేపి, ఎక్కువసేపు తెరిచి ఉంచుతాయి. పైస్పీడులో పవరొస్తుంది, కింద లాగుడు పోతుంది. 70 మి.మీ. బోరు, 90 మి.మీ. స్ట్రోకు ఉన్న ఈ ఇంజను పుట్టిందే నిదానంగా లాగడానికి. కార్బొరేటరూ కంప్రెషనూ పాతవే ఉంచి క్యామ్ మార్చడమంటే, డేటాబేసు నత్తలా ఉంటే ప్రాసెసర్ మార్చినట్టే. (పాత జావా వాళ్ళకి ఈ బాధే లేదు, టూ స్ట్రోకులో క్యామే ఉండదు!)

అయినా మేం తోలేదెక్కడ? తిరుమల కొండకి. 1974 నాటి రెండో ఘాట్ ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు పట్టాలని దేవస్థానం రూలు. అమ్మ వెనక కూర్చుంటే మలుపుల్లో రెండో గేరులో దుడుదుడుమని లాగాలి, అంతే.

"ఏం సామీ, కంపెనీవే ఏసేద్దునా?" అన్నాడు మెకానిక్కు. ఏసేయమన్నా. గుర్తులు కలిపి బిగించి, పుష్‌రాడ్లు వేళ్ళతో తిప్పి చూసుకున్నాడు.

రేసు క్యామ్‌తో కొండెక్కి సుఖపడినవాళ్ళుంటే చెప్పండి, వింటా. మార్చను మాత్రం.