ముద్దఈ ఎవరు? ముద్దాయి ఎవరు?

ఉర్దూ మీడియం బడి నుంచి తెలుగు డిగ్రీకి వచ్చినప్పుడు నన్ను తికమక పెట్టిన మాటల్లో ‘ముద్దాయి’ ఒకటి. ఉర్దూలో ముద్దఈ అంటే దావా వేసినవాడు. తెలుగు కోర్టుల్లోకి వచ్చేసరికి ఆ మాట తలకిందులై, నేరారోపణ ఎదుర్కొంటున్నవాడికి అతుక్కుంది. భాషలో ఇలాంటివి జరుగుతుంటాయి, నవ్వుకుని ఊరుకోవచ్చు. ఖానూన్‌లో జరిగితే మాత్రం ఊరుకోకూడదు. మన విదేశీయుల చట్టంలో జరిగింది సరిగ్గా ఇదే.

1946లో, దేశం వదిలి వెళ్లడానికి ఏడాది ముందు, అంగ్రేజు హుకూమత్ ఫారినర్స్ యాక్ట్ తెచ్చింది. ఒక మనిషి విదేశీయుడా కాదా అన్న ప్రశ్న వస్తే, కాదని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత ఆ మనిషిదేనని అందులో రాసుంది. 1920, 1939, 1946, 2000 నాటి నాలుగు చట్టాలను రద్దు చేసి, 2025లో ఇమ్మిగ్రేషన్ అండ్ ఫారినర్స్ యాక్ట్ తెచ్చారు. సెప్టెంబర్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. చట్టం పేరు మారింది, శిక్షలు మారాయి. ఆ ఒక్క నిబంధన మాత్రం చెక్కుచెదరలేదు.

దొంగతనం కేసులో నేరం రుజువు చేయాల్సింది పోలీసులు. ఖూనీ కేసులోనూ అంతే. ‘నువ్వు ఈ వతన్ వాడివి కావు’ అన్న ఇల్జామ్‌కు మాత్రం సబూత్ తేవాల్సింది మాట పడ్డవాడు. మన ఫిఖ్హ్‌లో మదర్సా పిల్లలకు కూడా తెలిసిన ఉసూల్ ఒకటుంది: దావా చేసినవాడే సబూత్ తేవాలి. ఇది ముసల్మానుల కోసం అడిగే రియాయత్ కాదు. ఏ దేశపు ఇన్సాఫ్ అయినా మొదలయ్యేది ఇక్కడే.

హుకూమత్ తరఫున ఒక దలీల్ చెబుతారు. ఎక్కడ పుట్టాడో, తల్లిదండ్రులెవరో ఆ మనిషికే తెలుస్తుంది కాబట్టి అతనే చెప్పాలని. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ అదాలత్ అడిగేది జ్ఞాపకం కాదు, కాగజ్. ఆ కాగజ్ పుట్టేది సర్కారు దఫ్తర్‌లో. జనన మరణాల నమోదు చట్టం వచ్చిందే 1969లో. ఇంట్లో దాయి చేతిలో పుట్టిన మన అమ్మీలు, ఖాలాలకు ఎవరు సర్టిఫికెట్ ఇచ్చారు? రాయాల్సిన రిజిస్టర్ రాయనివాళ్లే ఇప్పుడు ఆ రిజిస్టర్ నకలు తెమ్మంటున్నారు.

రాసినచోటైనా సరిగ్గా రాశారా? నా పేరు బడి సనదులో ఉర్దూలో ఉంది. దాన్ని ఇంగ్లీషులోకి ఎక్కించిన గుమాస్తా ‘షేక్’ను ఒకలా రాశాడు, ఓటరు జాబితా రాసినవాళ్లు మరోలా రాశారు. మా ఇంట్లో మొహమ్మద్ ఒక కార్డు మీద నిండుగా ఉంటాడు, ఇంకో కార్డు మీద ‘ఎండీ’ అయిపోతాడు. అబ్బా పేరు పక్కన ‘సాబ్’ ఒకచోట ఉంటుంది, ఒకచోట ఉండదు. నిఖా తర్వాత ఆడపిల్ల పేరు చివర ‘బీ’ పోయి ‘బేగం’ వస్తుంది. ఊరూ మారుతుంది. పుట్టింటి కాగజ్‌కూ అత్తింటి కాగజ్‌కూ మధ్య వంతెన కట్టే బాధ్యత కూడా ఆమెదే.

ఇవి ఊహించుకున్న భయాలు కావు. 2019 ఆగస్టు 31న అస్సాం ఎన్నార్సీ తుది జాబితా వచ్చినప్పుడు 19 లక్షల మందికి పైగా బయట ఉండిపోయారు. వాళ్లలో హిందువులూ ఉన్నారు, ముసల్మానులూ ఉన్నారు. అదే ఏడాది మేలో, దాదాపు 30 ఏళ్లు ఫౌజ్‌లో పనిచేసి రిటైరైన వ్యక్తిని విదేశీయుడని డిటెన్షన్ క్యాంపుకు పంపారు. జూన్‌లో గౌహతి హైకోర్టు బెయిల్ ఇస్తేగానీ ఆయన బయటికి రాలేదు. 2025 జూన్‌లో ఢిల్లీలో పట్టుకున్న ఒక బెంగాలీ గర్భిణిని, ఆమె చిన్న కొడుకుతో సహా బంగ్లాదేశ్‌లోకి నెట్టేశారు. ఆమెది బీర్‌భూమ్ జిల్లా. వెనక్కి తెమ్మని సెప్టెంబర్‌లో కలకత్తా హైకోర్టు ఆదేశించింది. ఆమె మళ్లీ మన గడ్డ మీద అడుగు పెట్టింది డిసెంబర్‌లో. ముందు సరిహద్దు దాటించడం, తర్వాత విచారించడం! ఇది ఏ ఖానూన్?

‘అది అస్సాం గొడవ, బెంగాల్ గొడవ. మన కాగజాత్ మనం దురుస్త్ చేసుకుంటే చాలు’ అంటారు మన బుజుర్గులు కొందరు. కాగజాత్ తప్పకుండా దురుస్త్ చేసుకోండి. కానీ అంతటితో మస్లా తీరిపోతుందనుకోవడం గఫ్లత్. చట్టం అస్సాంకు ఒకటి, హైదరాబాద్‌కు ఒకటి లేదు. తారీఖ్ కూడా మర్చిపోకండి. 1948 పోలీస్ యాక్షన్ తర్వాత నిజాం ఫౌజ్‌లోని అరబ్బులను, రోహిల్లాలను ‘విదేశీయులు’ అని క్యాంపుల్లో పెట్టారు, చాలామందిని పంపేశారు. అలాంటి అరబ్ ఖాందాన్ల వారసులు బార్కస్‌లో ఈనాటికీ ఉన్నారు. గల్ఫ్‌కు మనిషిని పంపిన ఇళ్లకు ఇంకో సంగతి తెలుసు: ఇఖామా జేబులో లేకుండా గడప దాటలేని బతుకు ఎలా ఉంటుందో. పర్దేస్‌లో అది షరతు అనుకుని సర్దుకున్నాం. సొంత వతన్‌లో పేదవాడికి అదే షరతు పెడితే దాన్ని జుల్మ్ అనాలి.

సర్కారుకు నరమ్‌గా ఉండటం చేతకాదా? చేతనవును. 2019 పౌరసత్వ సవరణ చట్టానికి 2024 మార్చిలో నియమాలు వచ్చాయి. పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్ నుంచి వచ్చిన ఆరు మతాలవాళ్ల కోసం ఎన్నో రకాల కాగజాత్‌ను అందులో ఒప్పుకున్నారు. గడువు తీరినవి కూడా చెల్లుతాయన్నారు. తాత ముత్తాతల కాగజ్ అయినా ఫర్వాలేదన్నారు. వాళ్లకు దక్కిన ఆ రహమ్ మీద నాకు హసద్ లేదు. జాన్ కాపాడుకోవడానికి పారిపోయి వచ్చినవాడి దగ్గర ఫైళ్లు ఉండవని సర్కారుకు తెలుసనే కదా దీని అర్థం? మరి బర్మా నుంచి పారిపోయి వచ్చి బాలాపూర్ గుడిసెల్లో బతుకుతున్న రోహింగ్యా దగ్గర మాత్రం ఫైళ్లు ఎలా ఉంటాయి? ఆశ్రయానికి కొలత భయం కావాలి, మజ్హబ్ కాదు. మన దేశంలో ఇప్పటికీ శరణార్థుల కోసం ప్రత్యేక చట్టమే లేదు.

‘అస్సాంలో 1983 చట్టం రుజువు భారం సర్కారు మీదే పెట్టింది, దాంతో పట్టుబడినవాళ్లు తక్కువ, అందుకే 2005లో సుప్రీంకోర్టు కొట్టేసింది’ అని గుర్తుచేసేవాళ్లున్నారు. నిజమే. కానీ తఫ్తీష్ చేతకాకపోవడం పోలీసుల లోపం. దాని జరిమానా రిక్షావాలా ఎందుకు కట్టాలి? అదే సుప్రీంకోర్టు 2024 జూలైలో ఇంకో అస్సాం కేసులో స్పష్టంగా చెప్పింది: చేతిలో ఏ ఆధారమూ లేకుండా ఎవరినో పట్టుకుని నిరూపించుకో అనడానికి వీల్లేదు, పేర్ల స్పెల్లింగులో చిన్న తేడాలను పట్టుకుని పౌరసత్వం కాదనడమూ కుదరదు. తర్వాతి ఏడాదే కొత్త చట్టం రాసినవాళ్లు ఆ రెండు ముక్కలూ అందులో పెట్టి ఉండొచ్చు. పెట్టలేదు.

సరిహద్దులు తెరిచేయమని నేను అనడం లేదు. ఎవరు రావాలో, ఎవరు ఉండాలో తేల్చుకునే హఖ్ ప్రతి ముల్క్‌కూ ఉంది. అడిగేది ఇంతే. మొదట సర్కారు తన ఆధారం రాతపూర్వకంగా చూపాలి. అక్షరం తేడా ఆధారం కాకూడదు. పేదవాడికి సర్కారు ఖర్చుతో వకీల్ ఉండాలి. అప్పీలు తేలేదాకా ఎవరినీ దేశం దాటించకూడదు. ప్రాణభయంతో వచ్చినవాళ్ల కోసం మజ్హబ్ అడగని చట్టం రావాలి.

ఇఫ్తార్ దావత్‌లకు టోపీ పెట్టుకుని వచ్చే ఎంపీలు మనకు కొత్త కాదు. ఈసారి వచ్చినప్పుడు ఖబ్రస్తాన్ గోడ గురించి, షాదీఖానా గురించి తర్వాత అడుగుదాం. 2025 బిల్లు సభకు వచ్చినరోజు ఆ నిబంధన మీద ఏం మాట్లాడారో ముందు అడుగుదాం. సవరణకు ప్రైవేటు బిల్లు పెడతారా లేదా, అందరి ఎదుటా జవాబు చెప్పమందాం.