తక్కెడలో మనమెక్కడ?

మహమ్మారి వచ్చిన ప్రతిసారీ పెద్దమనుషులు ఒక మాట అంటారు. ప్రజల ఆరోగ్యమూ కావాలి, దేశాల మధ్య వ్యాపారమూ ఆగకూడదు, రెండింటినీ సరితూచాలి అని. వినడానికి బాగానే ఉంది. ఓడలు ఆగితే ముందు పస్తులుండేది రేవులో మూటలు మోసే కూలీయే గనక వ్యాపారం ఆపమని మనమూ అనం. కానీ తక్కెడ ఎవడి చేతిలో ఉంది? ఏ పళ్ళెంలో ఏం వేశారు? బడిలో పిల్లలకి తూకం నేర్పేటప్పుడు ముందు ఖాళీ తక్కెడ ముల్లు నిటారుగా ఉందో లేదో చూడమంటాం. ఈ తక్కెడ ముల్లు నూరేళ్ళ పైనుంచీ ఒకవైపే వాలి ఉంది.

1896 సెప్టెంబరులో బొంబాయి రేవు పక్కనున్న మాండ్వీలో ప్లేగు బయటపడింది. ఐరోపా రేవులు బొంబాయి ఓడల్ని రానివ్వవేమోనని తెల్లదొరలకు గుబులు పట్టుకుంది. 1897 ఫిబ్రవరి 4న అంటువ్యాధుల చట్టం తెచ్చారు. ఆ చట్టం పేరు చెప్పి ఇళ్ళలోకి చొరబడ్డారు, పేదల సామాన్లు తగలబెట్టారు. 2020 మార్చిలో తెలంగాణ, ఆంధ్ర ప్రభుత్వాలు మళ్ళీ బయటికి తీసింది ఆ చట్టాన్నే. బొంబాయిలో ఒక్కరి విషయంలో మాత్రం దొరలు వెనక్కి తగ్గారు. పాకీపని చేసేవాళ్ళు భయపడి ఊరు విడిచిపోతే నగరం ఒక్క వారం కూడా నిలవదని మున్సిపాలిటీకి తెలుసు. అంటే మన బరువెంతో వాళ్ళకి తెలియక కాదు. తెలిసీ తక్కెడలో వెయ్యలేదు.

అదే ఫిబ్రవరిలో వెనిస్ నగరంలో ఐరోపా రాజ్యాలు ప్లేగు గురించి సమావేశమయ్యాయి. ఏ ఓడను ఎన్నాళ్ళు ఆపాలి, ఏ సరుకును వదలాలి, వాడిన బట్టలు, గుడ్డపేలికల సంగతేంటి, అన్నీ కూర్చుని రాసుకున్నారు. ఆ సమావేశం ఇంకా నడుస్తుండగానే, మార్చి 10న, పూనాలో సావిత్రిబాయి ఫూలే చనిపోయింది. ముంధ్వాలో ప్లేగు పడిన ఒక మహర్ పిల్లవాణ్ణి భుజాన వేసుకుని, కొడుకు యశ్వంత్ నడిపే వైద్యశాలకు చేర్చింది. ఆ జబ్బే ఆమెకూ అంటింది. ఇంకో తొమ్మిది రోజులకు వెనిస్ ఒప్పందం మీద సంతకాలు పడ్డాయి. అంటరాని పిల్లవాణ్ణి ఎత్తుకునే భుజం ఆ ఒప్పందంలో ఏ పద్దు కింద వస్తుంది?

దాదాపు నూరేళ్ళకు, 1994 సెప్టెంబరులో, సూరత్‌లో ప్లేగు అన్నారు. మన తెలంగాణ పల్లెల నుంచి పోయిన నేతపనివాళ్ళు వేలమంది మగ్గాల మీద బతికే ఊరు అది. లక్షలమంది దొరికిన రైలెక్కి పారిపోయారు. దవాఖానాలకు తాళాలేసి పోయిన ప్రైవేటు డాక్టర్లూ ఉన్నారు. చీపురు పట్టినవాడికి పోయే వీలేదీ? దేశం మొత్తమ్మీద చనిపోయింది యాభై పైచిలుకు మంది. ప్రయాణాలు ఆపాల్సిన పనిలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తున్నా గల్ఫ్ దేశాలు విమానాలు ఆపేశాయి, చాలాచోట్ల మన సరుకును వద్దన్నారు. నష్టం 170 కోట్ల డాలర్ల దాకా అని లెక్క తేల్చారు. మగ్గం ఆగిన వారాల కూలి ఆ లెక్కలో ఎంత? కుప్పలెత్తిన చేతులకి ఎంత?

ఇక కరోనా కాలం చూడండి. 2020 అక్టోబరు 2న మన దేశం, దక్షిణాఫ్రికా కలిసి ప్రపంచ వాణిజ్య సంస్థను అడిగాయి: ఈ జబ్బు పోయేదాకా టీకాలు, మందులు, పరీక్షల మీద పేటెంట్లు పక్కన పెట్టండి, ఎవరికి చేతనైతే వాళ్ళు తయారు చేసుకుంటారు అని. జవాబు వచ్చేసరికి 2022 జూన్ 17. ఇరవై నెలలు! అదీ టీకాలకే కొంత సడలింపు. మందులూ పరీక్షలూ బయటే ఉండిపోయాయి. ఈ మధ్యలోనే 2021 నవంబరు 24న దక్షిణాఫ్రికా కొత్తరకం వైరస్ సంగతి దాచకుండా చెప్పింది. మూడు రోజులు తిరక్కుండా సంపన్న దేశాలు దాని విమానాలు బంద్ పెట్టాయి. నిజం చెప్పినవాడి దారి మూయడానికి మూడు రోజులు చాలాయి. మందు దారి తెరవడానికి ఇరవై నెలలూ చాల్లేదు. ఇదీ సమతూకం!

వ్యాపారానికి అనవసరంగా అడ్డు రాకూడదని 2005 అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనల్లో రాసి ఉంది. నిజం చెప్పి నష్టపోయిన దేశానికి పరిహారం కట్టివ్వాలన్న షరతు మాత్రం లేదు. చెప్తే కూడు పోతుందనుకున్నవాడు చెప్పడు. దేశమైనా అంతే, రోజుకూలీ అయినా అంతే. జ్వరమని చెప్తే ఆ పూట కూలి కోసేచోట కార్మికుడు జ్వరంతోనే పనికొస్తాడు. అప్పుడు జబ్బు ఊరంతా తిరుగుతుంది. దీన్ని పేదవాడి అజ్ఞానం అనడం అన్యాయం. ఇది అతని లెక్క, తప్పులేని లెక్క.

పై నుంచి విమర్శించి ఊరుకుంటే మన పాలకులకు హాయి. వాణిజ్య సంస్థలో పేద దేశాల తరఫున గొంతెత్తినవాళ్ళు ఇంట్లో ఏం చేశారు? 2020 మార్చి 22న పళ్ళాలు మోగించారు. పారిశుధ్య కార్మికుణ్ణి మాత్రం కాంట్రాక్టర్ చేతిలోనే ఉంచారు. అక్కడ పేటెంటు, ఇక్కడ కాంట్రాక్టు. రెండూ మన ప్రాణాన్ని తక్కువకి తూచే రాళ్ళే.

కాబట్టి మనం అడగాల్సినవి ఇవి. జబ్బు సంగతి దాచకుండా చెప్పిన దేశానికి పరిహారం ఇవ్వాలి. మహమ్మారి అని ప్రకటించిన నాడే, విమానాలు ఆపినంత వేగంగా, పేటెంట్లూ ఆగాలి. ఎగుమతిదారు నష్టం రాసే కాగితం మీదే కూలీ నష్టమూ, దానికన్నా పైన, రాయాలి. ఊడ్చేవాళ్ళకి పర్మినెంటు ఉద్యోగం, చేతికి తొడుగు, జబ్బు రోజుకి జీతం ఇవ్వాలి. ఇవేవీ దయాధర్మాలు కావు, జబ్బును ఆపే పనులు.

వచ్చే మహమ్మారికి ముందే మీ ఊరి మున్సిపల్ కార్మికుల సంఘంలో, మీ వాడలో ఈ మాట పెట్టండి. వచ్చాక పెడితే వినరు. అప్పుడు మళ్ళీ చీపురు చేతికిచ్చి, పళ్ళెం మోగిస్తారు.