పొగకి దారుంటే చాలు

నిప్పు లేనిదే పొగ రాదంటారు. నిజమే. కానీ ఒకసారి వచ్చాక దానికి నిప్పుతో పనిలేదు, దారుంటే చాలు. పెద్ద భవనాల్లో ఆ దారిని మనమే డబ్బిచ్చి వేయించుకుంటున్నాం. దాని పేరు ఏసీ డక్టు.

1980లో అమెరికాలోని లాస్ వేగాస్‌లో ఎంజీఎం గ్రాండ్ హోటల్ కింది అంతస్తులో మంట పుట్టింది. 85 మంది చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది మంట చేరని పై అంతస్తుల్లో, పొగకి పోయారు. 2011 డిసెంబరులో కోల్‌కతా ఏఎంఆర్ఐ ఆసుపత్రి బేస్‌మెంట్‌లో మంటలేస్తే 90 మందికి పైగా పోయారు. ఎక్కువమంది పైన మంచాల మీదున్న రోగులే, ఊపిరాడక. రెండుచోట్లా పొగ పైకెక్కిన దారుల్లో ఏసీ డక్టులున్నాయి.

దీనికి మందు ఉందండీ. డక్టు ఒక గోడనో స్లాబునో దాటేచోట లోపల ఇనుప రేకుల తలుపు పెడతారు. అదే ఫైర్ డాంపర్. మామూలు రకంలో సుమారు 72 డిగ్రీల వేడికి కరిగే చిన్న లోహపు ముక్క ఉంటుంది. అది కరగ్గానే తలుపు మూసుకుంటుంది. చవకే. కానీ దూరం నుంచి వచ్చేసరికి చల్లబడిన పొగ ఆ ముక్కని కరిగించదు, దర్జాగా దాటిపోతుంది. అందుకే మోటారుతో పనిచేసేవి ఉన్నాయి. పొగని పసిగట్టే డిటెక్టర్ చెప్పగానే మూసుకుంటాయి. స్ప్రింగు ఉన్నవైతే కరెంటు పోయినా మూసుకుంటాయి.

మా అపార్ట్‌మెంట్ క్లబ్ హౌస్‌కి సెంట్రల్ ఏసీ పెడుతున్నారు. గ్రానైట్ రంగు మీద గంట చర్చ. డాంపర్ల దగ్గరకొచ్చేసరికి "తక్కువకొచ్చేవి వేసేద్దాం" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఏ రకమని నేనడిగితే "టెక్నికల్ విషయాలమ్మా, మీకెందుకు" అన్నారు.

మాకెందుకా? చాలా కుక్కర్ల మూతకుండే సేఫ్టీ వాల్వు కూడా వేడికి కరిగే లోహంతోనే పనిచేస్తుంది. అది పోతే నాసిరకంది కొని బిగించే ఇల్లాలుందా? పదిమందికి అన్నం వండే గిన్నెకున్న జాగ్రత్త, రెండొందల మంది సీమంతానికో పుట్టినరోజుకో కూర్చునే హాలుకి అక్కర్లేదా? అందులో పిల్లలూ, మోకాళ్ళ నొప్పుల అత్తగార్లూ ఉంటారు. వాళ్ళు పరిగెత్తలేరు.

కాబట్టి మీ మీటింగులో ఈ నాలుగూ అడగండి. వేడికి మూసుకునేవా, పొగకి మూసుకునేవా? గోడ ఎంతసేపు మంటని ఆపుతుందో డాంపరూ అంతసేపు ఆపుతుందని టెస్ట్ సర్టిఫికెట్ ఉందా? డాంపర్ చుట్టూ గోడలో సందులు పూడ్చారా? ఫాల్స్ సీలింగ్ వేసేశాక దాన్ని పరీక్షించడానికి చిన్న తలుపు వదిలారా? పరీక్షించని డాంపర్, తుప్పుపట్టిన తాళం ఒకటే.

ఖర్చెక్కువంటారు. గ్రానైట్ తగ్గించుకోమనండి. ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం మన పెద్దలకే నవ్వులాట. మనం ఆ బావి తవ్వడానికి కొటేషన్లు తెప్పించి, అందులో చవకది ఏరుకుంటున్నాం.