ఏరు దాటిన పిదప

ఏరు దాటువరకు ఓడమల్లయ్య, ఏరు దాటిన పిదప బోడిమల్లయ్య యను సామెతను విప్పి చెప్పుటకు సారపాక కన్న తగిన తావు తెలుగునేల మీద మరియొకటి యుండదు. ఏరు కన్నుల యెదుటనే పారుచున్నది. ఆవలి గట్టున భద్రాద్రి రామయ్య కోవెల, ఈవలి గట్టున కాగితపు మిల్లు, నడుమ వారధి. ఎన్నికల ఋతువు వచ్చినంతనే మల్లయ్యను వెదకుచు రంగురంగుల కండువాలు ఈ గట్టున దిగును. ఫలితములు వెలువడిన మరునాడు కండువాలు హైదరాబాదు దారి పట్టును. మల్లయ్య మాత్రము గట్టుననే నిలుచును.

2023 నవంబరు 30వ తేదీన జరిగిన శాసనసభ యెన్నికలలో తెలంగాణ ప్రజలు ప్రభుత్వమును మార్చిరి. 119 స్థానములలో 64 కాంగ్రెసునకు దక్కినవి. పూర్వపు ఖమ్మము జిల్లాలోని పది స్థానములలో ఎనిమిది కాంగ్రెసునకును, ఒకటి దాని మిత్రపక్షమైన భారత కమ్యూనిస్టు పార్టీకిని పోగా, భద్రాచల మొక్కటియే భారత రాష్ట్ర సమితికి మిగిలినది. సారపాక యున్న పినపాక నియోజకవర్గము గెలిచిన పక్షము వైపు నిలిచినది. వినుట కిది సామాన్యముగ దోచునేమో గాని, ఈ యూరి వోటరున కిది క్రొత్త యనుభవము. 2014లోను, 2018లోను పినపాక ప్రజలు అధికార పక్షమునకు వెలుపలివారినే గెలిపించిరి. రెండు మారులును గెలిచినవారు పదవీకాలము ముగియకమునుపే అధికార పక్షమున చేరిరి. 2024 ఏప్రిల్ నెలలో ఆవలి గట్టున భద్రాచలమునకును ఇదే గతి పట్టినది. ఒక గట్టున దింపిన వానిని అధికారము వేరొక గట్టునకు చేర్చుకొనుచుండగా ఇక మా వోటునకు విలువ యేమని యడుగువానికి మేము సులభమైన సమాధానము చెప్పజాలము. ఒక్కటి మాత్రము చెప్పుదుము. ఊరి వ్యవహారమును శాసనసభ్యుని చేతిలో బెట్టి యింటికి పోయినవానికి, అతడు తన వ్యవహారము తాను చూచుకొనినాడని మొరపెట్టు హక్కు సగమే మిగులును.

గెలిచిన పక్షపు గ్రామ కార్యకర్త సంగతి చూడుడు. కూలి మానుకొని జెండా మోసినవాడు. వోటరు చీటీలు ఇంటింటికి పంచినవాడు. ముసలివారిని ఆటోలో నెక్కించి పోలింగు కేంద్రమునకు దెచ్చినవాడు. పదియేండ్లు అధికారమునకు దూరముగ నుండి మండల కార్యాలయమున చీదరింపులు పడినవాడు. గెలుపునాడు తన కేమైన దక్కవలయునని యతడు కోరుట నేరము గాదు. అయితే అతనికి దక్కున దేమి? నాయకుని క్యాంపు కార్యాలయము గుమ్మమున నిలిచి, ఎవరి దరఖాస్తు లోనికి పోవలయునో, ఎవరిది పోరాదో చెప్పు పెత్తనము. నిన్నటిదాక ప్రజల మొరను ప్రభుత్వమునకు వినిపించినవాడు నేడు ప్రభుత్వపు గుమ్మమునకు కావలియై ప్రజలను అడ్డుచున్నాడు. ఈ మార్పు తనలో ఎప్పుడు కలిగినదో అతనికే తెలియదు.

ఈ జాడ్యము నేటిది కాదు. 1937లో మద్రాసు శాసనసభలోని 215 స్థానములలో 159 గెలిచి కాంగ్రెసు మంత్రివర్గము నేర్పరచినది. 1936 ఆదిని అయిదు లక్షలకు లోపుగ నున్న కాంగ్రెసు సభ్యుల సంఖ్య దేశమంతటను 1937 చివరకు 31 లక్షలకును, మరుసటి యేడు ముగియునప్పటికి 45 లక్షలకును పెరిగినది. లాఠీ దెబ్బలు తిను దినములలో కానరానివారు పదవులు పంచు దినములలో క్యూ కట్టిరి. సభ్యుల పట్టికలలో దొంగ పేర్లు చేరుచున్నవని గాంధీ మహాత్ముడు తన హరిజన పత్రికలోనే బహిరంగముగ వాపోయెను. నాడు భద్రాచలము మద్రాసు రాజధానిలోని ఏజెన్సీ. సారపాక గట్టు నిజాము ఏలుబడి. ఆవలి గట్టున సగము చట్టము, ఈవలి గట్టున వోటే లేదు. ఆ విజయోత్సవపు మేళతాళములు ఈ యడవులకు వినబడియుండవు.

1948 జనవరి 29వ తేదీన, అనగా తన మరణమునకు ముందునాడు, గాంధీజీ కాంగ్రెసును రాజకీయ పక్షముగ రద్దుచేసి లోకసేవక సంఘముగ మార్చవలయునని ముసాయిదా వ్రాసెను. దాని నట్లే యాచరింపవలయునని మేము వాదింపము. పక్షములు లేక ప్రజాస్వామ్యము నడవదు. కాని ఆ ముసాయిదాలో సంఘమునకు మొదటి మెట్టు అయిదుగురు గ్రామస్థుల పంచాయతీ యనుట గమనింపదగినది. గెలిచిన పక్షమునకు ఊరిలో పని యేమని యాయన యోచించెను. మనవారు పదవి యేమని యోచించుచున్నారు.

ఇక నేటి మాట. క్రొత్త ప్రభుత్వము 2023 డిసెంబరు 28 మొదలు 2024 జనవరి 6 వరకు ప్రజాపాలన పేరిట ఊరూర దరఖాస్తులు స్వీకరించినది. అవి కోటి యిరువదియైదు లక్షలకు చేరినవి. ఆశ యెంతటిదో ఆ సంఖ్యయే చెప్పును. 2024 మార్చి 11వ తేదీన ముఖ్యమంత్రి రేవంతరెడ్డి భద్రాచలమునకు వచ్చి ఇందిరమ్మ యిండ్ల పథకము ప్రారంభించిరి. ఇంటి కైదు లక్షల రూపాయలు, మొదటి విడతలో నియోజకవర్గమునకు 3,500 ఇండ్లు. బాగున్నది. కాని అంతకు నెలదినములకు పూర్వమే, 2024 ఫిబ్రవరి ఆరంభమున, గ్రామములలో సర్పంచుల పదవీకాలము ముగిసినది. తిరిగి పంచాయతీ యెన్నికలు జరిగినది 2025 డిసెంబరు 11, 14, 17 తేదీలలో. నడుమ దాదాపు రెండేండ్లు రాష్ట్రమందలి పల్లెల నేలినవారు ప్రత్యేకాధికారులు. ఎన్నికైన పాలకవర్గము లేదను కారణమున కేంద్ర ఆర్థికసంఘపు నిధులును నిలిచిపోయినవి. ప్రజల పేరిట గెలిచిన ప్రభుత్వము ప్రజల ముంగిటి సభను ఇంతకాలము ఖాళీగ నుంచుట మాకు మ్రింగుడు పడలేదు.

ఆ ఖాళీలోనే 2024 అక్టోబరున ఇందిరమ్మ కమిటీలు పుట్టినవి. ఇండ్లకు అర్హులను గుర్తించుటలో తోడ్పడుట వాని పని. వానిని పాలక పక్షమువారితో నింపిరను ఫిర్యాదు రాష్ట్రమంతటను వినబడినది. మైదానపు జిల్లాలలో ఇది మర్యాదకు సంబంధించిన ప్రశ్న; బూర్గంపాడు మండలమున చట్టమునకు సంబంధించిన ప్రశ్న. ఇది అయిదవ షెడ్యూలు ప్రాంతము. 1996 నాటి పెసా చట్టము ప్రకారము ఇచ్చట పేదరిక నిర్మూలన పథకములకు లబ్ధిదారులను గుర్తించు బాధ్యత గ్రామసభది. పంచాయతీ వ్యయముచేసిన నిధులకు ధ్రువపత్రము నీయవలసినదియు గ్రామసభయే. కోయ గూడెమున చెట్టు క్రింద కూర్చున్న సభకు పార్లమెంటు ఇచ్చిన యధికారమును ఏ కమిటీయు తన సంచిలో వేసికొని పోరాదు. ఈ ప్రాంతమునకు పై నుండి తీర్పులు దిగుట యలవాటే. 2022 డిసెంబరున పూర్వ ప్రభుత్వము భద్రాచలమును మూడు, సారపాకను రెండు పంచాయతీలుగ చీల్చ నుత్తరువు చేయగా భద్రాచలమున నిరసనలు రేగినవి. రంగు మారినను అలవాటు మారలేదని పల్లె యనుకొనినచో తప్పెవరిది?

2025 జనవరి 21 మొదలు 24 వరకు గ్రామసభలలో జాబితాలు చదివినప్పుడు రాష్ట్రమున పెక్కుచోట్ల గలభా జరిగినది. మా పేరేదని స్త్రీలు నిలదీసిరి. కొందరు అధికారులు దాని నల్లరి యనిరి. మేము సంతోషించితిమి. జాబితా బయట చదువబడినది కనుకనే ప్రశ్న పుట్టినది. కేరళమున 1996లో వామపక్షము గెలిచినపుడు ప్రణాళికా నిధులలో మూడవవంతునకు పైగ స్థానిక సంస్థల కప్పగించి, వాని వినియోగమును గ్రామసభలలో చర్చకు బెట్టినది. అచ్చటను పక్షపాతము లేకపోలేదు. కాని వాదము ఊరి నడుమ జరిగినది, నాయకుని గదిలో గాదు.

సోదర కార్యకర్తకు మా విన్నపము చిన్నది. చట్టము ప్రకారము రెండు నెలల కొకసారి గ్రామసభ జరుగవలయును. నీవు వేదిక మీది కుర్చీ వదలి చాప మీద కూర్చుండుము. జాబితాలో నీకు వోటు వేయని యింటి పేరు లేనిచో, వాని కప్పు కారుచున్నచో, లేచి ఆ పేరు నీవే చెప్పుము. మిల్లు కాలనీ వీధిదీపము సంగతి వచ్చినప్పుడు గూడెపు మంచినీటి సంగతియు ఎత్తుము. నీ ప్రభుత్వము మాట తప్పినచోట నీవే ముందుగ అడుగుము. ప్రతిపక్షమువాడు అడుగువరకు ఆగకుము.

ఆషాఢమునకు ముందు జరుగు సభలో మరొక పని కలదు. 2022 జూలై 16న భద్రాచలము వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరినది. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే. ఏ యింటివారిని ఏ బడికి చేర్చవలయునో, పడవ యెవరి యధీనమున నుండునో, బియ్యము ఎచ్చట నిలువచేయవలయునో ఆ సభలోనే వ్రాసి, గోడకు అంటింపవలయును. ఆ కాగితము వ్రాయించువాడు కాంగ్రెసువాడైనను, సమితివాడైనను, ఎర్రజెండావాడైనను మాకు సమ్మతమే.