చేపలు చచ్చినవని బ్లీచింగు మానరాదు

అలంకారపు చేపలను పెంచు ముచ్చట ఇప్పుడు పట్టణములకే పరిమితము గాదు. గ్రామములలో కూడ వసారాలో గాజు తొట్టియో, పెరటిలో సిమెంటు గోలెమో ఉంచి, బంగారు చేపలను, గప్పీలను, మోలీలను పెంచువారు కలరు. వీరి నుండి తరచు వినవచ్చు ఫిర్యాదు ఒకటే. ఉదయము కుళాయి నీటితో తొట్టిలో నీరు మార్చిరి, గంట గడువకముందే చేపలు పైకి తేలి నోళ్ళు తెరచినవి, సాయంత్రమునకు చచ్చినవి. ఇంటివారు వెంటనే పంపు ఆపరేటరును నిలదీయుదురు. "చేపలనే చంపిన నీటిని మా పిల్లలకు ఎట్లు పోయుదుము?" అందురు. అతడు మొగమాటపడి నాలుగు రోజులు బ్లీచింగు పౌడరు వేయుట మానును. ఊరిలో ఎవరికిని ఆ సంగతి తెలియదు.

ఈ నాలుగు రోజుల మానుట గురించియే నేను వ్రాయుచున్నాను. తొట్టిలో చేపను కాపాడుట తొట్టి యజమాని పని. ట్యాంకు నీటిలో క్లోరిను ఉంచుట పంచాయతీ పని. మొదటి పని చేతకాక రెండవదానిని మాన్పించుట అన్యాయమని నా అభిప్రాయము.

ఈ చిక్కు ఎట్లు వచ్చినదో చూడుడు. పూర్వము చాల గ్రామములలో చేదబావి నీరో, ఊరి బోరు నీరో వాడెడివారు. తోడిన నీటిని తోడినట్లే తొట్టిలో పోసినను చేపలు బ్రతికెడివి. తెలంగాణములో 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ వలనను, దేశమంతట 2019లో మొదలిడిన జలజీవన్ మిషన్ వలనను ఇంటింటికి కుళాయిలు వచ్చినవి. పెక్కు గ్రామములకు ఇప్పుడు నదుల నీరు, జలాశయముల నీరు వడపోసి, క్లోరిను కలిపి గొట్టముల ద్వారా వచ్చుచున్నది. నీరు మారినది గాని చేపలు పెంచువారి అలవాటు మారలేదు.

ఇక లెక్క చూడుడు. త్రాగునీటికి మన దేశములో నిర్ణయించిన ప్రమాణము ప్రకారము కుళాయి వద్ద లీటరు నీటిలో కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలి ఉండవలెను. ఇంటికి చేరు లోపల గొట్టపు పగుళ్ళలో మురికి చొచ్చినను దాని పని పట్టుటకే ఈ మిగులు. చేపల సంగతి వేరు. లీటరుకు 0.02 మిల్లీగ్రాములు మించిననే వానికి బాధ కలుగును. 0.2 నుండి 0.3 వరకు ఉన్న నీరు చాల జాతుల చేపలను త్వరలోనే చంపును. అనగా మనుష్యునికి చాలినంత క్లోరిను గల నీరు ఉన్నదున్నట్లుగా చేపకు ఎన్నటికిని పనికిరాదు. ఇద్దరికిని సరిపడు మధ్యమార్గము లేదు. కావున చేప చచ్చినంత మాత్రమున ఆపరేటరు మందు ఎక్కువ వేసినాడనుటకు ఆధారము లేదు. అతడు సరిగా వేసినందువలననే అది చచ్చియుండవచ్చును.

మరి అదే నీరు పిల్లలకు ఎట్లు మంచిది? చేప నీటిలోనుండియే ప్రాణవాయువును పీల్చుకొనును. దాని మొప్పలలో నెత్తురునకు, నీటికి నడుమ మిక్కిలి పలుచని పొర మాత్రమే ఉండును. క్షణము తీరిక లేక నీరు ఆ పొరను ఒరసికొని పోవుచుండును; క్లోరిను దానినే కాల్చివేయును. మనము నీటిని పీల్చము, త్రాగుదుము. కడుపులోని ఆహారము మొదలగు పదార్థములతో కలిసి ఆ కొద్ది క్లోరిను విరిగిపోవును. ప్రపంచ ఆరోగ్య సంస్థ లీటరుకు 5 మిల్లీగ్రాముల వరకు హద్దు పెట్టినది. మన కుళాయిలోనిది అందులో ఎన్నో వంతో మీరే లెక్క వేసికొనవచ్చును.

దీనికి తలక్రిందులైన భ్రమ మరియొకటి కలదు. చేపలు హాయిగా తిరుగు బావి నీరు మంచిదని పెద్దలు చెప్పుదురు. కలరా, టైఫాయిడు కలిగించు క్రిములు చేపలను చంపవు. కావున చేప బ్రతికినదని నీరు త్రాగరాదు, చచ్చినదని మానరాదు. ఇంగ్లాండులోని లింకను పట్టణములో 1905లో టైఫాయిడు ప్రబలినప్పుడు నీటిలో ఎడతెగక క్లోరిను మందు కలిపిరి. 1908లో అమెరికాలోని జెర్సీ సిటీలో ఈ పద్ధతిని పట్టణమంతటికి పెట్టిరి. నాటి నుండి ప్రపంచమంతట సాగుచున్న ఈ పనిని పది గప్పీల కొరకు ఆపుటయా?

చేపలను కాపాడుట కష్టమైనచో నేనింత గట్టిగా చెప్పకపోవుదును. అది కష్టము కాదు. క్లోరిను గాలిలోనికి తేలిపోవు స్వభావము కలది. కుళాయి నీటిని మూతి వెడల్పైన గాబులో పట్టి, ఎండ తగులుచోట ఒక దినము ఉంచుడు. నీడలోనైనచో రెండు దినములు. నడుమ నడుమ చెంబుతో ఎత్తి పోసినచో మరింత త్వరగా పోవును. మూతి ఇరుకైన బిందెలో మూత పెట్టి ఉంచిన నీరు నిలువ చేసినట్లు కాదు. దోమలు గ్రుడ్లు పెట్టకుండ పలుచని గుడ్డ మాత్రము కట్టుడు. రెండు దినములలో వాడివేసి గాబును బోర్లించినచో డెంగ్యూ దోమకు అచ్చట తావు ఉండదు.

ఆగుటకు వీలులేనప్పుడు హైపో ఉపయోగపడును. దీని అసలు పేరు సోడియం థయోసల్ఫేటు. పూర్వము ఫోటోలు కడుగుటకు వాడిన పలుకులే ఇవి. 10 గ్రాముల హైపోను ఒక లీటరు నీటిలో కరగించి సీసాలో పోసి ఉంచుకొనుడు. కుళాయి నీరు లీటరుకు ఈ ద్రావణము 1 మిల్లీలీటరు చొప్పున కలిపినచో మామూలుగా ఉండు క్లోరిను వెంటనే విరుగును. దీనిని చేపలున్న తొట్టిలో గాక, తొట్టిలో పోయబోవు నీటిలో ముందుగా కలుపుడు. వరదల తరువాత మందు హెచ్చుగా వేసిన దినములలో ఈ కొలత చాలకపోవచ్చును. అట్టి నీటిని తొట్టికి వాడకుండుటయే మేలు. పంచాయతీ వద్ద క్లోరిను చూచు పరీక్షపెట్టె ఉన్నచో ఒకమారు అడిగి చూచుకొనుడు. రంగు ఏమాత్రము తిరిగినను ఆ నీరు చేపలకు కాదు. పరీక్షించిన నీటిని తొట్టిలో పోయక పారబోయవలెను.

అమెరికాలో ఉన్న మీ పిల్లలకు మాత్రము నీరు నిలువ పెట్టుకొమ్మని ఉత్తరము వ్రాయవద్దు. అచ్చట పెక్కు పట్టణములలో క్లోరినుకు అమోనియా చేర్చి క్లోరమైను అను మందు వాడుదురు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2004 నుండి ఇదే. అది రెండు దినములు నిలువ పెట్టినను పోదు.

క్లోరిను పోయినంతనే పని తీరలేదు. నీరు మార్చిన గంటలోపల గాక, నాలుగైదు దినముల తరువాత చేపలు ఒకటొకటిగా చచ్చుట కూడ తరచు జరుగును. దానికి కుళాయి నీటిని తిట్టుట శుద్ధ పొరపాటు. చేపల విసర్జనము నుండి, తినగా మిగిలిన మేత నుండి అమోనియా పుట్టును. అది విషము. పొలములో వేసిన యూరియా అమోనియాగా మారి, నేలలోని సూక్ష్మజీవుల వలన చివరకు నైట్రేటుగా మారునని రైతులకు తెలిసినదే. తొట్టిలో కూడ అటువంటి సూక్ష్మజీవులే గులకరాళ్ళను, వడపోత స్పంజిని అంటిపెట్టుకొని ఉండి, అమోనియాను అంతగా హాని లేని నైట్రేటుగా మార్చుచుండును. పండుగ ముందు ఇల్లు కడిగినట్లు తొట్టిని ఖాళీ చేసి, రాళ్ళను కుళాయి క్రింద తెల్లగా తోమినచో ఈ సూక్ష్మజీవులు చచ్చును. తొట్టి అద్దమువలె మెరయును. అమోనియా మాత్రము పోగుపడుచుండును.

కావున నీరంతయు ఒక్కమారు మార్చరాదు. వారమునకు ఒకమారు నాలుగవ వంతు చాలును. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టిలో సుమారు 56 లీటర్లు పట్టును. అందులో ఒక బిందెడు తీసి, ఒక బిందెడు పోయుటయే. రాళ్ళను, స్పంజిని తీసిన పాత నీటిలోనే జాడించుడు. ఆ పాత నీటిని సాయంత్రము వరకు పారబోయకుడు. క్రొత్త నీటిలో చేపలు తల్లడిల్లినచో తిరిగి అందులోనికి వేయవచ్చును. తరువాత పూలమొక్కలకు పోయుడు, అది ఎరువు నీరు.

వేసవి మధ్యాహ్నము మేడమీది నల్లని ప్లాస్టికు ట్యాంకు నుండి వచ్చు నీరు చేయి కాలునంత వేడిగా ఉండును. అది చల్లబడి తొట్టి నీటితో సమానమగు వరకు పోయవద్దు. బోరు నీటిలో క్లోరిను ఉండదు గాని, ప్రాణవాయువు తక్కువగాను, బొగ్గుపులుసు వాయువు ఎక్కువగాను ఉండుట కలదు. దానిని కూడ ఒక రాత్రి ఆరుబయట ఉంచి, ఎత్తునుండి పోయుట మంచిది.

చేపలు ముచ్చటకు గాక జీవనోపాధికి పెంచువారికి ఈ సంగతి మరింత ముఖ్యము. 2020లో వచ్చిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన క్రింద పెరటిలో అలంకారపు చేపలు పెంచుటకు సహాయము లభించినది. ఒక ఉదయము కుళాయి విప్పి మరచినచో అట్టివారి పంట యంతయు పోవును. ఆరు తొట్లు కట్టదలచినవారు అయిదింటిలో చేపలు పెంచి, ఆరవదానిని నీరు నిలువకు విడువవలెను. నిలువ తొట్టి చూపని నమూనాను అధికారులు మంజూరు చేయరాదని కూడ నేను చెప్పుదును. ఆరవ తొట్టి దండుగని వాదించువారు ఒక వర్షాకాలము గడచిన పిమ్మట వాదింపరు.

గ్రామాధికారుల వంతు కూడ కొంత ఉన్నది. మందు పిడికెళ్ళతో వేయుట మాన్పింపుడు. మంచి బ్లీచింగు పౌడరులో సుమారు 33 శాతము క్లోరిను ఉండును; మూత తీసి చెమ్మలో పెట్టినచో ఆ బలము నానాటికి తగ్గును. మంచి మందు 1,000 లీటర్లకు 2.5 గ్రాములు, అనగా 60,000 లీటర్ల ట్యాంకునకు 150 గ్రాములు సాధారణపు కొలత. బకెట్టు నీటిలో కలిపి, సున్నము అడుగునకు దిగిన తరువాత పైతేట మాత్రమే ట్యాంకులో పోయవలెను. ఏ దినమున కుళాయి వద్ద ఎంత క్లోరిను తేలినదో ట్యాంకు దగ్గర పలకమీద వ్రాయించుడు.

ట్యాంకు కడిగినప్పుడు, గొట్టము పగిలినప్పుడు, వరద వచ్చినప్పుడు మందు హెచ్చింపవలసి వచ్చును. ముందునాడే మైకులో ఒక మాట చాటింపు వేయింపుడు: రేపు, ఎల్లుండి నీటిలో మందు ఎక్కువ, త్రాగుటకు భయము లేదు, చేపల తొట్లలో పోయవద్దు.